పెద్దమ్మాయి గుండె

నేను నీటి సరఫరా శాఖలో ముప్ఫై రెండేళ్ళు పనిచేశాను. అందులో సగానికి పైగా గొట్టాల చప్పుడు మాన్పించడంలోనే గడిచిపోయింది. కుళాయి గభాల్న కట్టేసినప్పుడు గోడ లోపల దబ్‌మని ఒక మోత వినబడుతుంది. పరుగెత్తుకొస్తున్న నీళ్ళకు దారి మూసుకుపోతే అవి గొట్టాన్ని గుద్దే గుద్దు అది. ఇంట్లో అయితే నిద్ర చెడుతుంది, అంతే. పంపుహౌసులో అయితే అతుకులు విడిపోతాయి. పంపు పక్కన గట్టిగా మూత బిగించిన గాలి డబ్బా ఒకటి అమర్చితే ఆ గుద్దంతా లోపలి గాలి మీద పడి మెత్తబడుతుంది. నీళ్ళు నూనె జారినట్టు సాఫీగా వెళ్ళిపోతాయి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. శాఖలో నన్ను గొట్టాల డాక్టరు అనేవారు.

మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆమె చెల్లెలు, అంటే మా మరదలు, మా ఊరి మ్యూజియంలో పనిచేస్తుంది. వారానికోసారి ఫోన్ చేస్తుంది. భోజనం చేశారా, ఆరోగ్యం ఎలా ఉంది అని అడగదు. "బావా, మీతో ఒక పని పడింది" అంటుంది. ఒంటరిగా ఉన్నవాణ్ణి పలకరించడానికి ఇంతకంటె మర్యాదైన పద్ధతి లేదని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. ఒకసారి బల్బు హోల్డరు, ఒకసారి నీళ్ళ ట్యాంకు మూత, ఒకసారి ఊరికే ఒక స్క్రూడ్రైవరు. ఈసారి పని మాత్రం డైనోసార్ గుండె.

వాళ్ళ మ్యూజియంలో భారీ డైనోసార్ల శరీరం ఎలా పనిచేసేదో చూపించే ప్రదర్శన పెడుతున్నారు. ఉత్త ఎముకలు నిలబెట్టడం కాదు. అంత పెద్ద ఒళ్ళు ఏం తిని బతికింది, నమలకుండా మింగిన ఆకును ఎన్నాళ్ళు అరిగించుకుంది, ఆ పొడుగాటి మెడలోకి ఊపిరి ఎలా లాక్కుంది, అంత జంతువు రెండు చేతుల్లో పట్టే గుడ్డులోంచి ఎలా పుట్టింది, ఇవీ ప్రశ్నలు. హాలు మధ్యలో నిలువెత్తు బొమ్మ. కుడివైపు చర్మం, ఎడమవైపు లోపలి అవయవాలు. తోక గుమ్మం దగ్గర మొదలై, మెడ మేడ మీది వరండా దాకా లేచి, తల అక్కడి కటకటాల మీదుగా కిందికి చూస్తుంటుంది. మ్యూజియం వాళ్ళంతా దాన్ని పెద్దమ్మాయి అని పిలుచుకునేవారు.

పాతికేళ్ళుగా మా మరదలు ఇతరుల ప్రదర్శనలకు చీటీలు రాసిపెట్టింది. ఏ ఎముక ఏ జంతువుదో, ఎన్ని కోట్ల ఏళ్ళనాటిదో, చిన్న అక్షరాల్లో, ఎవరి పేరూ లేకుండా. ప్రదర్శన బాధ్యత మొత్తం ఆమె చేతికి రావడం ఇదే మొదటిసారి. అందులో ఆమె ప్రాణం పెట్టుకున్నది గుండె గది మీద. పెద్దమ్మాయి ఛాతీ కింద మూడు వైపులా గోడలున్న చిన్న చోటు అది. అక్కడ ఒక గుండె కొట్టుకోవాలి, ఎర్రటి నీళ్ళు మెడలోంచి పైన తల దాకా ఎక్కాలి, జనం చెయ్యి పెట్టి చూడాలి.

డైరెక్టరు గారికి ఆ చోటు మీద వేరే ఆలోచన ఉంది. ఆయన చెడ్డవారు కాదు. ఏ మూల ఖాళీగా కనబడినా టేపు తీసి కొలిచే అలవాటున్న మనిషి, అంతే. ఆ మూలలో మెత్తటి డైనోసార్ బొమ్మలమ్మే కౌంటరు సరిగ్గా సరిపోతుందని ఆయన కొలిచి చూసుకున్నారు. పైగా ఆయన వాదనలోనూ నిజముంది. ఎముక రాయిగా మారి మిగిలింది, పళ్ళు మిగిలాయి, గుడ్ల పెంకులు మిగిలాయి. ఆ జంతువు గుండెను చూసినవాడెవడూ లేడు. ఎంత ఉండేదో, ఎంత జోరుగా కొట్టుకునేదో అన్నీ అంచనాలే, ఆ అంచనాల మీద శాస్త్రజ్ఞుల్లోనే తగాదా. ఎవరూ చూడనిదాన్ని మనమెలా చూపిస్తామని ఆయన అడిగారట. ఎవరూ చూడలేదు కాబట్టే చూపించాలని మా మరదలు చెప్పిందట. ఆ మీటింగు అక్కడితో ఆగిపోయింది.

నేను రెండు నెలలు ఆ గది నేల మీదే కూర్చున్నాను. బరువు కట్టిన పిస్టను ఒకటి తయారుచేశాను. చిన్న మోటారు దాన్ని నెమ్మదిగా పైకెత్తి వదిలేస్తుంది. అది పడినప్పుడల్లా కింద తొట్టిలోని ఎర్రనీళ్ళు మెడలోకి ఎగతన్నుకుంటాయి. వెనక్కి రాకుండా ఒకవైపే తెరుచుకునే వాల్వులు రెండు. నిమిషానికి పది దెబ్బలు చాలని మా మరదలు చెప్పింది. ఇంత పెద్ద ఒంటికి అంతకంటె తొందరపాటు ఉండకపోవచ్చునని ఆమె లెక్క. అద్దంలాంటి గట్టి ప్లాస్టిక్ గొట్టం మెడ పొడవునా వేసి, పంపు పక్కన నా పద్ధతిలో ఒక మంచి గాలి డబ్బా బిగించాను. ఎవరూ అడగలేదు. నా చెయ్యి దానంతటదే బిగించింది.

సోమవారం ఉదయం డైరెక్టరు గారు పరీక్షకు వచ్చారు. స్విచ్చి వేశాను. మూత వేసిన పెట్టెలో మోటారు తిరిగింది, పిస్టను లేచి పడింది, నీళ్ళు ఏడు మీటర్లు ఎక్కి, తల చుట్టి, తిరిగి తొట్టిలోకి వచ్చాయి. చుక్క కారలేదు, చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. నా ఉద్యోగంలో అంత శుభ్రమైన పని చెయ్యలేదేమోనని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు.

మొదలైంది, పది నిమిషాలుగా నడుస్తోందని చెప్పాను. ఆయన ముందుకు వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, గొట్టాన్ని మళ్ళీ చూశారు. నిండా ఎర్రనీళ్ళు, ఎక్కడా బుడగ లేదు, కదలిక లేదు. మర్యాదగానే అన్నారు. "పెద్దవారు, శ్రమపడ్డారు. కాని నాకిక్కడ ఒక ఎర్ర కర్ర నిలబెట్టినట్టు కనబడుతోందండీ."

శనివారం ఉదయం పిల్లలు, టీచర్లు ముందుగా చూడడానికి వస్తారు. ఆలోగా గుండె కొట్టుకుంటే సరే, లేకపోతే ఆ చోట్లో కౌంటరు పెట్టిస్తానని మా మరదలితో చెప్పేసి, టేపు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

నాకు మండుకొచ్చింది. నీళ్ళు ఎక్కాయా లేదా? ఎక్కాయి. కారాయా? లేదు. ఇంకేం కావాలి ఈయనకి? ఇదే మాట మా మరదలితో అంటే ఆమె నా వైపు చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు తెలుసు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకటే పద్ధతి, నేను తప్పు చేసినప్పుడు ముందు ఊరుకుంటారు.

మర్నాడు టైలరమ్మ వచ్చింది. పెద్దమ్మాయి చర్మం కుట్టింది ఆవిడే. అంతకుముందు బళ్ళకు సీట్ల కవర్లు కుట్టేదట. మెడ దగ్గర చర్మం ఎక్కడ ఆపాలో గుర్తు పెట్టుకోవడానికి వచ్చి, నా గొట్టం మీద అరచెయ్యి ఆనించి, ఆనించినచోటే ఉంచి, అటూ ఇటూ చూసింది.

"ఇందులో ప్రాణం లేదండీ" అంది. "కుళాయి పట్టుకున్నట్టుంది."

నవ్వుతూ అనలేదు. గుడ్డ పొట్టిగా ఉందని చెప్పినట్టు చెప్పింది. నేను పంపు సంగతి, గాలి డబ్బా సంగతి, గుద్దు లేకుండా నీళ్ళు పంపడంలో ఉన్న నేర్పు సంగతి అంతా వివరించడం మొదలుపెట్టాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ ఓపిగ్గా వింది. సగంలో మా మరదలు వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నా కుడిచెయ్యి లాక్కుని, నా రెండు వేళ్ళు నా ఎడమ మణికట్టు మీదే పెట్టించింది.

"ఏం తెలుస్తోంది?"

"నాడి."

"దబ్ దబ్‌మని కొట్టుకుంటోందా?"

"కొట్టుకోక?"

"మరి దీనికి కూడా ఒక గాలి డబ్బా బిగించి మాన్పిస్తారా, బావా?"

టైలరమ్మ దారం తెంపుతూ ముసిముసిగా నవ్వింది. నేను వేళ్ళు తియ్యలేదు. ముప్ఫై రెండేళ్ళు నేను ఏ చప్పుడును రోగమనుకుని ఊరంతా తిరిగి నయం చేశానో ఆ చప్పుడే నా చర్మం కింద, ఎవరి అనుమతీ లేకుండా, తన పని తను చేసుకుపోతోంది. తెలియని విషయమేం కాదు. కాలేజీలో చదువుకున్నదే. కాని చదువు ఒక గదిలో, ఉద్యోగం ఒక గదిలో పెట్టుకుని మధ్య తలుపు తెరవకుండా బతికేశాను.

మా మరదలు నా చెయ్యి వదలకుండానే నెమ్మదిగా చెప్పింది. ఆ గుద్దు ఒంటికి శత్రువు కాదట. గుండె ఒక్కసారి తన్నినప్పుడు రక్తనాళం ఉబ్బుతుంది, తర్వాత ముడుచుకుని, రక్తాన్ని తనూ కాస్త ముందుకు తోస్తుంది. గాలి డబ్బా పని ఒంట్లో గొట్టమే చేసుకుంటుంది, కాకపోతే దాచిపెట్టకుండా చేసుకుంటుంది. అందుకే మనకు నాడి అందుతుంది.

"అయితే గొట్టం మెత్తగా ఉండాలి" అన్నాను.

"అదే కదా రెండు నెలలుగా మీ నోటివెంట రావాలని చూస్తున్నా" అంది.

మరి ముందే చెప్పొచ్చు కదా అంటే, నేను గాలి డబ్బా బిగించేటప్పుడు అంత సంతోషంగా కనబడ్డానట, ఆపబుద్ధి కాలేదట. తన మొదటి ప్రదర్శన గంగలో కలిసే ప్రమాదముండి కూడా ఒక ముసలివాడి ముచ్చట చెడగొట్టడానికి మనసొప్పని మనిషిని ఏమనగలం?

బుధవారం గాలి డబ్బా ఊడదీశాను. దాన్ని పక్కన పెట్టేటప్పుడు గుడ్డతో తుడిచి పెట్టాను. గట్టి గొట్టం తీసేసి, మెత్తటి, అటునించి ఇటు కనబడే సిలికాన్ గొట్టం వేశాను. స్విచ్చి వేసి వెనక్కి జరిగేలోగా మొదటి దెబ్బ పడింది. రెండో దెబ్బకు మెడ మొదట్లో బిగించిన క్లిప్పు ఎగిరిపోయింది. ఎర్రనీళ్ళు ఫౌంటెన్ లాగా లేచి నా మీదే పడ్డాయి. చప్పుడు విని గార్డు పరుగెత్తుకొచ్చి, తలనుంచి పాదాల దాకా ఎర్రగా తడిసి కూర్చున్న నన్ను చూసి, అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చివరికి నేనే లేచి అతనికి మంచినీళ్ళు తెచ్చివ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత శనివారం దాకా అతను నన్ను ఎప్పుడు చూసినా "ఒళ్ళెలా ఉంది సార్" అని పరామర్శించేవాడు.

క్లిప్పులు రెండేసి చొప్పున వేశాను. గురువారం నీళ్ళు నిలిచాయి. దెబ్బ పడినప్పుడల్లా గొట్టం ఉబ్బి, ఆ ఉబ్బు మెడ వెంట పైకి పాకడం కంటికి కనబడింది. నేను సంతోషంతో పైకి చూశాను. దెబ్బ దెబ్బకీ పెద్దమ్మాయి తల ఊపుతోంది. మెత్తటి గొట్టం ఎగిరెగిరి పడుతుంటే దానితోపాటు తలా ఊగుతోంది. నాకైతే ముద్దుగానే అనిపించింది. అలా వదిలేద్దామా అని అడిగాను.

"మనమేం చెప్పినా సరే సరే అంటున్నట్టుంది బావా. అంత ఒప్పుకునే జంతువు కాదు" అంది మా మరదలు.

ఈసారి దారి చూపింది టైలరమ్మ. సీటు కవర్ల కింద వేసే సాగే పట్టీలు తెచ్చి, జానెడు జానెడు దూరంలో గొట్టాన్ని మెడ ఎముకలకు కట్టింది. ఉబ్బడానికి చోటు వదిలింది, ఎగరడానికి వదల్లేదు. ఎక్కడ ఎంత వదులివ్వాలో ఆవిడ వేళ్ళకు తెలుసు. నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరం శుక్రవారం సాయంత్రం దాకా పనిచేశాం. తల నిలబడింది. మేడ మీద నిలబడి దవడ కింద చెయ్యి పెట్టి చూస్తే, కింద పడిన దెబ్బ అక్కడికి సన్నగా, స్పష్టంగా అందుతోంది. మా మరదలు చాలాసేపు అక్కడే నిలబడి ఉంది. ఇంటికి పోదామా అని కింద నుంచి రెండుసార్లు పిలిచాను, వినబడనట్టే ఉండిపోయింది.

శనివారం ఉదయం పదింటికల్లా పిల్లలు వచ్చేశారు. దాదాపు అరవైమంది. పళ్ళ దగ్గర గోల, గుడ్ల దగ్గర గోల, రాయిగా మారిన డైనోసార్ పేడ దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. డైరెక్టరు గారు వాళ్ళ వెనకే నడిచి వచ్చి గుండె గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. చొక్కా జేబులో టేపు గుండ్రంగా కనబడుతోంది. మా మరదలు నా పక్కన నిలబడి తన మెడలోని గుర్తింపు కార్డు తాడు వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది. తను రాయాల్సిన చీటీ మాత్రం రాసి అతికించింది. దాని మీద రెండే ముక్కలున్నాయి. ఈ గుండెను ఎవరూ చూడలేదు. చెయ్యి పెట్టి చూడండి.

ముందు వరసలో ఎనిమిదేళ్ళ పాప ఒకతి గొట్టం మీద అరచెయ్యి పెట్టింది. ఏమీ లేదు. వెనక్కి తిరిగి వాళ్ళ టీచరు వైపు చూసి, ఇది పాడైపోయింది అంది. డైరెక్టరు గారి చెయ్యి జేబు దగ్గరకు వెళ్ళింది.

అప్పుడు దెబ్బ పడింది.

పాప చెయ్యి వెనక్కి లాక్కుంది. కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ పెట్టింది, ఈసారి రెండు చేతులూ. ఇంకో నలుగురు పెట్టారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆరు సెకన్లు. పిల్లలకు ఆరు సెకన్లంటే ఎంత పొడుగో మాకు తట్టనే లేదు. ఆగి చూడాలి, ఊపిరి బిగపట్టాలి, చచ్చిపోయిందేమో అనుకోవాలి, అప్పుడు చేతి కింద గొట్టం ఉబ్బుతుంది. ఒక్కో దెబ్బకీ గదిలో అందరూ ఒకేసారి నవ్వుతున్నారు. మళ్ళీ నిశ్శబ్దం. అరవైమంది పిల్లలు అంతసేపు నోరు మూసుకోవడం తన సర్వీసులో చూడలేదని ఒక టీచరు నా చెవిలో అంది.

కాసేపటికి డైరెక్టరు గారు లోపలికొచ్చారు. వరసలో నిలబడలేదు, గోడ పక్కనుంచి చెయ్యి చాచి గొట్టం పట్టుకున్నారు. ఒక దెబ్బ. రెండు. మూడు. నాలుగో దానికోసం తల వంచి ఎదురుచూస్తుంటే వెనకనుంచి ఎవరో పిల్లవాడు "సార్, మీ వంతయిపోయింది" అన్నాడు. ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీశారు. మా మరదలి దగ్గరకొచ్చి, మెట్ల పక్కన కూడా కాస్త చోటుందని, బొమ్మల కౌంటరుకు అది సరిపోతుందేమో చూస్తానని అన్నారు. ఆమె తలూపింది. ఆయన టేపు తీసుకుని మెట్ల వైపు వెళ్ళిపోయారు. ఆమె వేలికి చుట్టిన తాడు విప్పుకుని, ముక్కు ఎగపీల్చి, పిల్లలు అటు తోసుకోకుండా చూడండి బావా అని నన్ను కసిరింది. అంత హాయిగా నన్నెవరూ కసిరి నాలుగేళ్ళయింది.

మొదట చెయ్యి పెట్టిన పాప ఇంకా వెళ్ళలేదు. తొట్టి పక్కన స్టూలు మీద కూర్చున్న నన్ను, ఇది చేసింది నువ్వేనా తాతా అని అడిగింది. చాలామందిమి చేశామని చెప్పాను. ఆ జవాబుతో ఆమెకు పనిలేదు.

"ఇది పడుకుంటే?" అంది.

"పడుకుంటే ఏమిటి?"

"తల కిందే ఉంటుంది కదా. అప్పుడు కూడా గుండె ఇంత కష్టపడుతుందా?"

మా మరదలు మెడ ఇటు తిప్పింది. జవాబు ఆమె చెప్పాలి, శాస్త్రం ఆమెది. కాని నా వైపు చూసి, మీరే చెప్పండన్నట్టు కనుబొమ్మలెత్తింది. నీళ్ళు ఎంత ఎత్తుకు పంపితే పంపుకు అంత భారమని, ఎత్తు తగ్గితే భారమూ తగ్గుతుందని, కాబట్టి తల నేల మీద పెట్టుకుని పడుకుంటే గుండెకు చాలా తేలిక అయి ఉంటుందని చెప్పాను. మరి హాయిగా పడుకోక ఎందుకు లేచేది అని అడిగింది.

"ఆకు పైనుంది కదమ్మా" అన్నాను.

ఆమె తలెత్తి మెడ వెంట పైదాకా చూసింది. ఆ జవాబు ఒప్పుకున్నట్టే ఉంది. గొట్టం మీద మళ్ళీ చెయ్యి పెట్టి, తర్వాతి దెబ్బ కోసం వేళ్ళు మడుస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోసాగింది.